సమాయిల్ నీరటి

భీమన్న గురించి చెప్పాలంటే ముందు నా కోపం గురించి చెప్పాలి. మా పరిచయం తిట్లతోనే మొదలైంది మరి.

నా పేరు సెలిన్. మాది పాలకొల్లు పక్క పల్లె. మస్కట్‌కి గంట దూరంలో ఉన్న ఈ సమాయిల్ ఆరోగ్య కేంద్రంలో నర్సుగా చేరి పదహారేళ్లయింది. కట్టు కట్టించుకోవడానికి వచ్చేవాళ్లలో నాకు ఒక్క రకం మనుషులంటే అస్సలు పడదు. నొప్పి నెల రోజులు దాచుకుని, ఇక నడవలేమన్న రోజున వచ్చి, "ఏం లేదు సిస్టర్, చిన్నది" అనేవాళ్లు. భీమన్న సరిగ్గా ఆ రకం. ఐదేళ్ల కిందట ఒక పొద్దున లుంగీ పైకి కట్టి, కుంటుకుంటూ వచ్చి నా ముందు కూర్చున్నాడు. కాలివేళ్ల మధ్య చర్మమంతా నాని, తెల్లగా పాచిపోయి, పుండ్లు పడింది.

"ఎన్నాళ్లయిందండీ ఇలా?"

"నెల అయితుండొచ్చు సిస్టరమ్మా. ఏం లేదు, చిన్నది."

"చిన్నదా? కాలు ఊడి చేతిలోకి వస్తేగానీ పెద్దది అవదా మీ లెక్కలో? ఏం పని చేస్తారు?"

"తోటకు నీళ్లు పెడుత. పొద్దంత నీళ్లల్లనే నిలబడుడు."

"అయితే బూట్లు వేసుకుని నిలబడండి. మీ అర్బాబ్ కొనివ్వడా?"

అర్బాబ్ అంటే ఇక్కడ యజమాని. భీమన్న నా వైపు జాలిగా చూశాడు, ఏమీ తెలియని పిల్లని చూసినట్టు. "కొనిచ్చిండమ్మా. బూట్లేసుకుంటే నీళ్లు ఎంతొస్తున్నయో ఎట్ల తెలుస్తది?" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కాలికి మందు రాస్తున్నంతసేపూ తిడుతూనే ఉన్నాను. ఆయన నవ్వుతూనే ఉన్నాడు. వెళ్లేటప్పుడు, "తెలుగుల తిట్టిచ్చుకుని శాన దినాలాయె చెల్లె, మంచిగనిపిచ్చింది" అని పోయాడు. ఆ రోజు నుంచి నేను ఆయనకి చెల్లెని, ఆయన నాకు అన్నయ్య.

తరవాత్తరవాత తెలిసింది, ఆ మనిషి బూట్లు ఎందుకు వేసుకోడో. భీమన్నది కోరుట్ల దగ్గర ఊరు. వాళ్ల ఇంటి పని నీరటి పని. అంటే ఊరి చెరువు తూము దగ్గర ఉండి, ఏ మడికి ఎప్పుడు ఎన్ని నీళ్లు వదలాలో చూసే పని. వాళ్ల నాన్న, తాత, ముత్తాత అందరూ నీరట్లే. వాళ్లకి సెంటు భూమి లేదు. పంట చేతికొచ్చాక ప్రతి రైతూ కల్లంలో ఇంత వడ్లు కొలిచి ఇస్తే, అదే ఏడాది తిండి. కాలవలో కాలు పెట్టి, నీళ్లు చీలమండ ఎముకను తాకాయా, దాని కిందే ఉన్నాయా అని చూసి, ఈ పూటకి ఎన్ని మళ్లు తడుస్తాయో చెప్పేవాడట వాళ్ల నాన్న. నాది కాలవల దేశం. మా ఊళ్లో నీళ్లు ఎక్కువైతే బాధ గానీ తక్కువైతే ఏం చేస్తారో నాకు తెలియదు. అందుకే నోరు తెరుచుకుని విన్నాను.

"మరి ఆ పని వదిలేసి ఇక్కడికి ఎందుకొచ్చావు అన్నయ్యా?" అని అడిగాను ఒకసారి.

"నేను ఇడవలే చెల్లె, అదే నన్ను ఇడిచింది. ఊరికి కరెంటొచ్చె. బోర్లొచ్చె. ఎవలి బావికాడ వాళ్లకు మోటరాయె. ఇగ తూముతోని ఎవలికి పని? చెరువు పూడిపాయె. ఊరు బాగుపడ్డదన్నరు, నిజంగనే బాగుపడ్డది. పెంకుటిండ్లు పోయి బంగ్లాలైనయి. మేమే బువ్వకు లేకుంట అయినం."

దీన్ని ఆయన ఏడుస్తూ చెప్పలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పాడు. అభివృద్ధి, అభివృద్ధి అని పేపర్లలో చదువుతాం. అది ఒక ఊరికి వచ్చేటప్పుడు ఎవరి పొయ్యి మీదుగా నడిచి వస్తుందో ఏ పేపరూ రాయదు. ఇంకా వినండి. పదేళ్లు తిరక్కుండానే ఆ బోర్లూ ఎండిపోయాయట. అప్పటికి చెరువును చూసుకునే మనిషి ఊళ్లో లేడు. ఇక్కడ మస్కట్ పక్కన రుసైల్‌లో సిమెంటు ఇటుకలు మోస్తున్నాడు.

అక్కడ పద్నాలుగేళ్లు చేశాడు. ఆ కంపెనీ మూతపడ్డాక, ఎవరో చెబితే సమాయిల్‌లో సాలిం అనే ఆయన ఖర్జూర తోటలో పనికి కుదిరాడు. మొదటి రోజు సాలిం ఆయన్ని తోటలోకి తీసుకెళ్లి ఫలజ్ చూపించాడు. ఫలజ్ అంటే కొండ కింద పుట్టిన నీటిని సొరంగంలోంచి తెచ్చి, రాతి కాలవలో తోటలన్నిటికీ పంచే ఏర్పాటు. ఎన్ని వందల ఏళ్లదో ఎవరికీ తెలియదు. మోటారు లేదు, కరెంటు లేదు. రాతి పలక తీస్తే నీళ్లు వస్తాయి, పలక పెట్టి సందుల్లో గుడ్డపేలికలు కుక్కితే ఆగుతాయి.

"చెల్లె, అది జూసి నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. చెప్పులిడిసి కాలు వెట్టిన. సల్లగ తగిలింది. మా నాయిన యాదికొచ్చిండు" అన్నాడు భీమన్న.

అప్పటి నుంచి ఆ మనిషి సుఖంగా ఉన్నాడు. నిజంగానే సుఖంగా. శుక్రవారం సెలవున్నా కాలవ దగ్గరే ఉంటాడు. సాలిం మంచివాడు, పెద్దగా మాట్లాడడు. తోట ఒక మూల గదిలో భీమన్న ఒక్కడే ఉంటాడు, ఊళ్లో ఉన్న భార్య ముత్తవ్వకి రోజూ వీడియో కాల్ చేసి కాలవ చూపిస్తాడు. ఆవిడ "ఎప్పుడు జూసినా గా కాలువనేనా, నీ మొకం జూపియ్యి జర" అని విసుక్కుంటుందట.

ఇలా ఉండగా ఈ మే నెలలో తప్పు చేశాడు. ఎవరికైనా చెబితే నమ్మరు, అలాంటి తప్పు.

ఫలజ్‌లో నీటికి యజమానులుంటారు. భూమిలాగే నీళ్లు కూడా పేరు మీద ఉంటాయి. ఒకరికి రెండు గంటల నీళ్లు, ఇంకొకరికి అరగంట. అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. అందులో కొంత వంతు ఎవరి పేరు మీదా ఉండదు, అది ఫలజ్‌దే. దాన్ని వారం వారం వేలంపాట పెట్టి, వచ్చినదానితో కాలవ మరమ్మతు చేయిస్తారు. ఇదంతా చూసుకునే పెద్దాయన్ని వకీల్ అంటారు. మా వకీల్ పేరు హమద్. పలకలు తీసి పెట్టే ముసలాయన పోయినేడాది మస్కట్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు. కుర్రాళ్లెవరూ ఆ పనికి రావడం లేదు. దాంతో ఎవరి వంతు వాళ్లే చూసుకుంటున్నారు.

సాలిం వంతు అయ్యాక అరగంట ఫలజ్ వంతు వస్తుంది. సాలిం తోట పక్కగా పోయే పిల్లకాలవ చిట్టచివర ఒక చిన్న తోట ఉంది, నలభై చెట్లు ఉంటాయేమో. గోడ కూలిపోయి, ఇంటికి తాళం పడి, చెట్ల మొవ్వులు కూడా ఎండిపోతున్నాయి. భీమన్న రోజూ దాన్ని చూస్తున్నాడు. చూసి చూసి, ఒక శుక్రవారం పొద్దున్నే సాలిం వంతు అయిపోగానే ఆ అరగంట నీళ్లూ ఆ తోటకి తిప్పేశాడు. తరవాత వంతులోనూ అంతే. మొదటి రెండుసార్లు ఆ అరగంటను పాటలో ఎవరూ తీసుకోలేదు గనక ఎవరికీ తెలియలేదు. మూడోసారి ఒక నిమ్మతోట ఆయన తీసుకున్నాడు. ఆయన పలక దగ్గర నిలబడి చూస్తే కాలవ పొడిగా ఉంది. కేకలు వేసుకుంటూ కాలవ పట్టుకుని వచ్చి, భీమన్నని పారతో సహా పట్టుకున్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం నాకు ఫోన్ వచ్చింది. "చెల్లె, జర రావాలె. సాయంత్రం వకీల్ అందరిని పిలిచిండు. నన్ను ఇండియా పంపుతరట. నాకచ్చిన అరబ్బీ పనికే సరిపోతది, పంచాయితికి సరిపోదు."

"ఏం చేశావు?"

చెప్పాడు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "నీకు బుద్ధుందా అన్నయ్యా? ఇక్కడ నీళ్లు దొంగతనం చేస్తే ఊరుకుంటారా? ఎవరిని అడిగి తిప్పావు?"

"ఎవలిని అడుగుత? అవి ఎవలియి గావు గద."

"ఎవరివీ కాకపోతే నీవా?"

"మా ఊర్ల ఎవలియిగాని నీళ్లు నీరటియే చెల్లె. ఎవల మడి ఎండుతున్నదో జూసి ఇడుసుడే నీరటి పని. గా మడి ఎండిందంటే గా ఇంట్ల పొయ్యి ఎలుగుతలేదన్నట్టు. నేను కండ్లార జూసుకుంట ఎట్లుండాలె?"

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. కానీ ఆ గొంతులో భయం విన్నాను. అంతకుముందెప్పుడూ వినలేదు. "చెల్లె, పైసలకు గాదు. ఇంటికాడ ఇప్పుడు తిండికి తక్కువ లేదు. గీ నీళ్లు పోతే ఇగ నాకు మల్ల నీళ్లు దొరకయి" అన్నాడు. ఫోన్ పెట్టేసి, ప్రభువా, ఈ మొండి మనిషిని నువ్వే కాపాడు అనుకున్నాను. డ్యూటీ అవగానే కారు తీసుకుని తోటకి వెళ్లాను.

సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక కాలవ పక్కన చెట్ల నీడలో చాపలు పరిచారు. వకీల్ హమద్‌కి నెలనెలా బీపీ చూసేది నేనే. అందుకే నన్ను చూసి ఏమీ అనలేదు, ఒక కుర్చీ తెప్పించాడు. ఖహ్వా, అంటే ఇక్కడి కాఫీ, పోశారు, ఖర్జూరాలు పెట్టారు. మనిషిని దేశం నుంచి పంపేసే మాటైనా సరే, ఇక్కడ ఖహ్వా తాగాకే మొదలవుతుంది. సాలిం తలవంచుకుని కూర్చున్నాడు. నిమ్మతోట ఆయన మాత్రం కప్పు ముట్టుకోలేదు. భీమన్న ఉతికిన చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని చాప అంచున నిలబడ్డాడు.

అంతలో ఒక పెద్ద తెల్ల కారు వచ్చి ఆగింది. ముప్పై అయిదేళ్ల మనిషి దిగాడు. ఇస్త్రీ మడత నలగని దిష్‌దాషా అనే పొడుగు అంగీ, ఖరీదైన గడియారం. వకీల్ లేచి ఆయన్ని కౌగిలించుకుని కూర్చోబెట్టాడు.

భీమన్న నా చెవిలో అడిగాడు, "గీయన ఎవలు?"

"పేరు నాసిర్. మస్కట్ అల్ ఖువైర్‌లో బ్యాంకులో పెద్ద ఆఫీసరట. నువ్వు నీళ్లు పెట్టిన తోట ఈయనదే."

భీమన్న ఆయన్ని, ఆయన కారుని, మళ్లీ ఆయన్ని చూశాడు. "గీయన గరీబు గాదా?"

"కాదు అన్నయ్యా."

"మరి తోట ఎందుకు ఎండవెట్టిండు?"

"ఆయనకి ఆ తోట పంటతో అవసరం లేదు."

నమ్మండి, ఆ క్షణాన భీమన్న మొహం చూసి నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఎండిన పొలం వెనక ఆకలి ఉండని దేశం ఒకటుంటుందని ఆయన తలకి ఎక్కడం లేదు. పంతొమ్మిదేళ్లుగా ఈ దేశంలో ఉన్నాడు, రోడ్లు చూశాడు, షాపింగ్ మాళ్లు కట్టాడు. కానీ మడిని మాత్రం ఊరి కళ్లతోనే చూస్తున్నాడు.

వకీల్ మొదలుపెట్టాడు. "నాసిర్, నీ తోటకి నీళ్లు పెట్టమని ఈ మనిషికి నువ్వు చెప్పావా?"

"ఈయనెవరో నాకు తెలియదు. నాన్న పోయాక మా నీటి వంతు అమ్మేశాం. నాలుగేళ్లయింది నేనిటు వచ్చి."

"మరెందుకు పెట్టాడు?" అని వకీల్ నా వైపు చూశాడు.

ఉన్నదున్నట్టు చెప్పాను. నీరటి అంటే ఏమిటో, ఎవరివీ కాని నీళ్లు ఎండిన మడికి పోవాలన్న వాళ్ల పద్ధతి ఏమిటో, నాసిర్ ఇంట్లో తిండి లేదని ఈయన అనుకున్న సంగతి కూడా. ఆ చివరి మాటకి చాపల మీద కూర్చున్నవాళ్లంతా గొల్లున నవ్వారు. నాసిర్ నవ్వలేదు. లేచి, కూలిన గోడ దాటి తన తోటలోకి వెళ్లాడు. మూడు తడులకే చెట్ల నడినెత్తిన ఆకుపచ్చ మొవ్వు లేచింది. ఆయన ఒక చెట్టు బోదె మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. తిరిగొచ్చి, "అది మా నాన్న నాటిన చెట్టు. చచ్చిపోయిందనుకున్నాను" అన్నాడు మెల్లగా.

నిమ్మతోట ఆయన అందుకున్నాడు. "చెట్లు బాగున్నాయి, సంతోషం. నా అరగంట మాటేమిటి?"

న్యాయమే కదా. వకీల్ కూడా తలూపాడు. "తీసుకున్న నీళ్లు నీళ్లుగానే తిరిగి ఇవ్వాలి, అది ఇక్కడి పద్ధతి. భీమన్నా, నీ దగ్గర ఎన్ని నీళ్లున్నాయి ఇవ్వడానికి?"

నేను తెలుగులో చెప్పగానే భీమన్న తల ఇంకా కిందికి దించాడు. "నా పేరు మీద ఏ దేశంల నీళ్లు లేవు చెల్లె. మా తాత కాలం నుంచి లేవు. పంచుడే గని."

ఈ మాట అరబ్బీలోకి మార్చి చెప్పాను. మా నాన్నకీ అంతే. జన్మంతా ఇతరుల చేలో నాట్లు వేసి, తనకంటూ గట్టు కూడా లేకుండానే పోయాడు. ఆ సంగతి వాళ్లకి చెప్పలేదు, నాకు గుర్తొచ్చింది అంతే.

అంతవరకు నోరు విప్పని సాలిం అన్నాడు, "నా వంతులోంచి అరగంట ఇస్తాను. ఆయన నా మనిషి."

"వద్దు, తాగింది నా తోట. నేను కొని ఇస్తాను. ఇకనుంచి నా తోటకి కూడా పాటలో తీసుకుంటాను" అన్నాడు నాసిర్. నిమ్మతోట ఆయన ఒక్క క్షణం ఆలోచించి, ఖహ్వా కప్పు తీసుకున్నాడు. అంటే ఆయన కోపం పోయిందన్నమాట. అమ్మయ్య అనుకుని నేను బ్యాగు తీసుకుని లేవబోయాను.

"కూర్చో సిస్టర్, అసలు మాట మిగిలింది" అన్నాడు వకీల్. "పంపెయ్యాలా ఉంచాలా అన్నది ఇంకా తేలలేదు. ఈ మనిషి కాలవ పక్కన ఉంటే ఇవాళ కాకపోతే రేపు మళ్లీ చేస్తాడు. అందుకే ఒక్కటి అడుగు. పలకలు చూసే మనిషి లేక ఏడాది నుంచి ఇబ్బంది పడుతున్నాం. ఈ ఫలజ్ నీళ్లన్నీ ఇతని చేతికి అప్పజెబితే, రాసి ఉన్న వంతుల ప్రకారం వదులుతాడా, తన కంటికి తోచినట్టు వదులుతాడా?"

తెలుగులోకి తిప్పి చెప్పి, ఆ వెంటనే కలిపేశాను: "అన్నయ్యా, నీ కాళ్లకి దండం పెడతాను, రాసినట్టే చేస్తానని చెప్పు. ఒక్క మాట. ఇంకేం మాట్లాడకు."

భీమన్న వంగి, కాలవలో ఒక కాలు పెట్టి తీశాడు. తరవాత వకీల్ మొహంలోకే చూస్తూ మాట్లాడాడు.

"రాసినట్టే ఇడుస్త అని చెప్పు. ఒక్క చుక్క అటిటు కానియ్య. గని ఏ తోటైనా ఎండుతుంటె పొద్దుగాలనే ఆయన తలుపు కొడుత. ఎండుతున్నదని చెప్పుత. నీళ్లిచ్చుడు ఇయ్యకపోవుడు ఆయన ఇష్టం. నోరు మూసుకుని ఉండుడు మాత్రం నాతోని గాదు. గదీ చెప్పు."

"రెండోది అవసరమా?" అని పళ్లు బిగించి అడిగాను.

"అవసరమే. అబద్ధం జెప్పి నీళ్లు దీసుకోవద్దు."

నిజం చెబుతున్నాను, మొదటి సగం చెప్పి ఊరుకుందామనే అనుకున్నాను. అక్కడ ఎవరికి తెలుస్తుంది? నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఆ మనిషి నా పెదాల వంకే చూస్తున్నాడు, తన బతుకంతా నా నోట్లో పెట్టి. మింగలేకపోయాను. తలుపు కొట్టే సంగతితో సహా అంతా చెప్పేశాను.

కాలవ చప్పుడు వినిపిస్తోంది. వకీల్ హమద్ గడ్డం నిమురుకుంటూ, నాసిర్ తోట వైపు చూస్తూ కూర్చున్నాడు.

"పదకొండేళ్లుగా నేను వకీల్‌ని" అన్నాడు చివరికి. "మా నీళ్లు తక్కువయ్యాయంటూ నా తలుపు కొట్టినవాళ్లే అందరూ. పక్కవాడి తోట ఎండుతోందని ఒక్కడూ రాలేదు. నేనూ ఈ దారినే పోతూ వస్తూ ఉన్నాను, నాకూ కనపడలేదు. సాలిం, నీ మనిషిని పొద్దున పూట నాకిస్తావా?"

సాలిం నవ్వి తలూపాడు.

నేను భీమన్న వైపు తిరిగి చెప్పాను. "ఫలజ్ నీ చేతికి ఇస్తున్నారు అన్నయ్యా. రేపటి నుంచి పలకలు నువ్వే తియ్యాలట. తలుపు కూడా కొట్టమంటున్నారు."

ఆయన అలాగే నిలబడ్డాడు. నేను చెప్పింది అర్థం కాలేదేమో అనుకుని మళ్లీ చెప్పాను. అప్పుడు భీమన్న చాప మీద కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుని, అంతమంది ముందు గట్టిగా ఏడ్చాడు.

"ఊరుకో అన్నయ్యా, మంచి మాటే కదా. ఏడుస్తావెందుకు?" అన్నాను.

"మంచి మాటనే చెల్లె. మా నాయినను ఆఖరుకు ఊర్లె ఎవలు అడుగలే. కొత్త మోటర్లొచ్చినంక తూముకాడ ఒక్కడే కూసుండేటోడు. నీళ్లు ఎటు ఇడువాల్నని ఎవలన్న అడుగుతరేమోనని సచ్చేదాక ఎదురుజూసిండు. ఇయ్యాల నన్ను అడిగిండ్రు."

నేనూ ఏడ్చాను, సిగ్గేముంది. వకీల్ కంగారుపడి ఏమైందని అడిగాడు. ఈ ఒక్క మాటా అరబ్బీలోకి చెప్పడం నా వల్ల కాలేదు. సంతోషంగా ఉన్నాడని మాత్రం చెప్పాను.